షెడ్డు ఫోన్ మొరాయిస్తే: భూమిలో వేసిన టెలిఫోన్ వైరు సమస్యలు, పరిష్కారాలు

ఇంటి నుంచి కోళ్ల షెడ్డుకో, పశువుల పాకకో, మోటారు గదికో భూమిలో టెలిఫోన్ వైరు వేసుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రేకుల షెడ్డులో సెల్ సిగ్నల్ సరిగా అందదు. రాత్రి కాపలా మనిషి మారినా నంబరు మారదు. ఛార్జింగ్ గోల లేదు. కొందరు ల్యాండ్‌లైన్‌నే పొడిగించుకుంటారు, కొందరు ఇంట్లో చిన్న ఇంటర్‌కం పెట్టె పెట్టి దాని ఎక్స్‌టెన్షన్ ఒకటి షెడ్డుకు లాగుతారు. ఎలా చేసినా చివరికి ఉన్నవి రెండు రాగి తీగలే కాబట్టి వచ్చే సమస్యలూ దాదాపు అవే.

ఫోన్ పనిచేయకపోతే "వైరు లోపలెక్కడో తెగిందండీ, తవ్వాల్సిందే" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడే గునపం పట్టుకోకండి. ఎవరూ కదిలించని నేలలో, అతుకు లేని వైరు నడిమధ్యన చెడిపోవడం అరుదు. రెండు చివర్లలో, జాయింట్లలో, గోడ మీంచి నేలలోకి దిగేచోట చెడిపోవడమే ఎక్కువ. చోటు మీటరుతో తేలాకే తవ్వకం.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. ఒక డిజిటల్ మల్టీమీటర్, బాగా పనిచేస్తుందని తెలిసిన మామూలు తీగ ఫోన్ ఒకటి, చిన్న స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్. కెపాసిటర్లు కొలిచే రేంజి ఉన్న మీటరైతే ఇంకా మంచిది, కింద దానితో పని ఉంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ (ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్ లీకేజీ చూసే మీటరు) దొరికితే అడిగి తెచ్చుకోండి.

ఒక జాగ్రత్త. ఫోన్ లైన్లో మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది, దానితో పెద్ద ఇబ్బంది లేదు. కానీ రింగ్ వచ్చేటప్పుడు 75 వోల్టుల చుట్టుపక్కల ఏసీ వస్తుంది. తడి చేతులతో తీగలు పట్టుకున్నప్పుడే ఎవరో ఫోన్ చేస్తే గట్టిగా జిల్లుమంటుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఈ పని అసలు ముట్టుకోవద్దు.

అన్నిటికంటే ముందు: తప్పు ఎటువైపుందో తేల్చడం

ఇంట్లో లైన్ వచ్చే రోసెట్టు బాక్స్ (ఫోన్ తీగలు బిగించే చిన్న గోడ పెట్టె) దగ్గర షెడ్డు వైరు రెండు తీగలూ విప్పేసి, అక్కడే నేరుగా ఫోన్ పెట్టి చూడండి. డయల్ టోన్ రాకపోయినా, గరగర అలాగే ఉన్నా మీ షెడ్డు వైరు తప్పేమీ లేదు. కంపెనీ లైనో, ఇంటర్‌కం పెట్టో చెడింది. ఫిర్యాదు చేసి కూర్చోవచ్చు. ఫోన్ శుభ్రంగా పలికితే మాత్రం సమస్య మీ వైపే ఉంది.

తర్వాత షెడ్డు ఫోన్‌ను ఇంటికి తెచ్చి పెట్టి చూడండి. షెడ్డులో ఫోన్లు తేమకు, దుమ్ముకు, కోళ్ల ఎరువు నుంచి వచ్చే అమ్మోనియా ఘాటుకు త్వరగా పాడవుతాయి. హుక్ స్విచ్ (రిసీవర్ పెడితే నొక్కుకునే మీట) పట్టేసి ఉంటుంది, రిసీవర్ చుట్టల తీగ తెగి ఉంటుంది, సాకెట్లో సన్న పిన్నులు నల్లబడి ఉంటాయి. వందో నూటయాభయ్యో మీటర్ల వైరును అనుమానించే ముందు రెండు మీటర్ల కార్డు మార్చి చూడటంలో పోయేదేమీ లేదు.

డయల్ టోన్ లేదు, చప్పుడే లేదు

షెడ్డు చివర రెండు తీగల మధ్య డీసీ వోల్టేజి కొలవండి. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు 48 దగ్గర రావాలి. చిన్న ఇంటర్‌కం పెట్టెలు కొన్ని అంతకంటే తక్కువ ఇస్తాయి, అందుకే ముందుగా ఇంటి చివర కొలిచి ఆ అంకెతోనే పోల్చుకోవాలి.

షెడ్డులో సున్నా, ఇంటి దగ్గర మాత్రం నిండుగా ఉంటే తీగ ఎక్కడో తెగింది. షెడ్డు వైరు తగిలించగానే ఇంటి దగ్గర కూడా వోల్టేజి పడిపోయి, ఇంట్లో ఫోన్ కూడా మూగబోతే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి, అంటే షార్ట్. బయటివాళ్లు చేస్తే ఎప్పుడూ ఎంగేజ్ వస్తోందని చెప్పడం కూడా షార్ట్ లక్షణమే.

షార్ట్ ఎంత దూరంలో ఉందో ఓమ్‌ల రేంజితో చెప్పవచ్చు. రెండు చివర్లా తీగలు విప్పేయండి. లైన్ తగిలి ఉండగా ఓమ్‌లు కొలిస్తే అంకె తప్పు రావడమే కాదు, మీటరుకూ ప్రమాదం. 0.5 మి.మీ. మందం రాగి తీగ అయితే పోనూ రానూ కలిపి 100 మీటర్ల వైరుకు దాదాపు 17, 18 ఓమ్‌లు వస్తాయి. మీ వైరు 150 మీటర్లనుకోండి. అవతలి చివర కలిపి కొలిస్తే 26 ఓమ్‌ల దగ్గర రావాలి. అవతలి చివర విడిగా ఉన్నా 9 ఓమ్‌లు చూపిస్తోందంటే, ఇంటి నుంచి 50 మీటర్ల దగ్గర తీగలు అంటుకున్నాయి. మీటరు పిన్నులు రెండూ ఒకదానికొకటి ఆనించినప్పుడు వచ్చే అంకెను తీసేయడం మరిచిపోవద్దు. రెండో చివర నుంచి కూడా కొలవండి. రెండు లెక్కలూ ఒకే చోటికి చేరితే ధైర్యంగా తవ్వవచ్చు. అంకె నిలవకుండా వేలల్లో ఊగుతుంటే అది షార్ట్ కాదు, నీళ్లు. దాని సంగతి తర్వాత చూద్దాం.

తీగ తెగితే ఓమ్‌లు పనికిరావు. అక్కడ కెపాసిటర్ రేంజి అక్కరకొస్తుంది. పక్కపక్కనే పోయే రెండు తీగలు సన్నటి కెపాసిటర్‌లా ఉంటాయి, 100 మీటర్లకు సుమారు 5 నానో ఫారడ్లు. అసలు అంకె ఎంతన్నది అంత ముఖ్యం కాదు, రెండు చివర్ల నుంచి వచ్చే అంకెల నిష్పత్తి చూడాలి. 150 మీటర్ల వైరులో ఇంటివైపు నుంచి 3, షెడ్డువైపు నుంచి 4.5 వస్తే మొత్తం 7.5. అందులో 3 అంటే ఐదింట రెండు వంతులు, కాబట్టి తెగింది ఇంటి నుంచి 60 మీటర్ల దగ్గర. టేపు పట్టి కొలిచి వెళ్లి చూస్తే ఈమధ్యే దడికి రాయి పాతిన గుంతో, కొబ్బరి మొక్క నాటిన పాదో కనిపించడం మామూలే.

మధ్యలో గుంతలూ పాదులూ లేకపోతే పందికొక్కుల్ని అనుమానించండి. కోళ్ల దాణా ఉన్నచోట అవి తప్పవు. పైపు లేకుండా వేసిన వైరును బొరియ చేసేటప్పుడు కొరికేస్తాయి. కొరికిన చోట మాత్రమే అతికితే పని అయిపోదు, అటూ ఇటూ మీటరు చొప్పున తవ్వి పన్నుగాట్లు చూడాలి. బొరియ ఉన్నంతమేరా వైరును పైపులోకి ఎక్కించాలి.

వాన పడితే గరగర, ఎండ కాస్తే మామూలు

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. తొలకరికి మొదలవుతుంది, కార్తీకం నాటికి తగ్గుతుంది, "దానంతట అదే బాగైంది" అని వదిలేస్తారు. బాగవ్వలేదు. ప్రతి వానాకాలం తీగలో కాస్త రాగి తినేసి పోతుంది.

వైరు తొడుగులో సూది మొన అంత గాటు చాలు. నీళ్లు అక్కడే ఆగవు, వత్తిలో నూనె ఎక్కినట్టు లోపల తీగల సందుల్లోంచి మీటర్ల కొద్దీ పాకుతాయి. తీగ మీది ప్లాస్టిక్‌లో కూడా ఎక్కడైనా లోపం ఉంటే అక్కడ రెండు తీగల మధ్య సన్నగా కరెంటు కారడం మొదలవుతుంది. లైన్లో డీసీ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ప్లస్ వైపు తీగ కరుగుతూ పోతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ప్లస్‌ను ఎర్త్ చేసి లైన్‌కు మైనస్ 48 ఇవ్వడానికి కారణమూ ఇదే. భూమిలో ఉన్న తీగ మైనస్‌లో ఉంటే తొందరగా తినదు. కానీ జతలో రెండో తీగకు ఆ రక్షణ లేదు.

అలాంటి జాయింట్ ఒకటి విప్పి చూస్తే అంతా తెలిసిపోతుంది. పైన నల్ల టేపు నాలుగు చుట్లు, దాని జిగురు కరిగి వేలికి అంటుకుంటూ ఉంటుంది. టేపు తీస్తుంటే లోపల్నుంచి నీటి చుక్క జారుతుంది. మెలిపెట్టిన రెండు తీగల్లో ఒకటి ఇంకా ఎర్రగానే ఉంటుంది. రెండోది చిలుము పట్టి ఆకుపచ్చ పొడిగా రాలిపోతుంది, గోటితో గీకితే లోపల తీగ సూదికంటే సన్నగా మిగిలి ఉంటుంది. దాన్ని మళ్లీ గీకి, మెలిపెట్టి, కొత్త టేపు చుట్టేవాళ్లున్నారు. వచ్చే వానకు మళ్లీ వాళ్లనే పిలవాల్సి వస్తుంది.

ఎలా నిర్ధారించాలి? రెండు చివర్లా విప్పేసి, మీటరును 20 మెగా ఓమ్ రేంజిలో పెట్టి రెండు తీగల మధ్య, తర్వాత ఒక్కో తీగకూ ఎర్త్‌కూ మధ్య చూడండి. బాగున్న వైరు ఏ అంకే చూపించకూడదు. లక్షల ఓమ్‌లలోకి దిగితే తడి చేరింది, వేలల్లోకి దిగితే గరగర ఖాయం. మీటరు బ్యాటరీ వోల్టేజి తక్కువ కాబట్టి సన్నటి లీకేజీలు దానికి అందకపోవచ్చు. 500 వోల్టుల మెగ్గర్ వాటిని పట్టేస్తుంది. మెగ్గర్ తిప్పేముందు ఫోన్లు, మోడెం, ఇంటర్‌కం పెట్టె అన్నీ విప్పారో లేదో చూసుకోండి, లేదంటే వాటికే ఎసరు.

ఇక్కడ పరిష్కారం వైరు రకాన్ని బట్టి ఉంటుంది. వేసింది ఇంట్లో గోడలకు కొట్టే మామూలు టెలిఫోన్ వైరైతే రిపేరు మీద డబ్బు పెట్టకండి. దాని తొడుగు భూమిలో ఉండటానికి చేసింది కాదు, ఒక చోట అతికితే ఇంకోచోట తడి ఎక్కుతుంది. వేయాల్సింది జెల్లీ కేబుల్. లోపల సందులన్నీ పెట్రోలియం జెల్లీతో నింపి ఉంటాయి కాబట్టి గాటు పడినా నీళ్లు పాకవు. కోస్తే చేతులన్నీ జిడ్డవుతాయి, పొడి గుడ్డతో ఓపిగ్గా తుడుచుకోవాలి. రెండు జతలది అడగండి, ఒకటి స్పేరుగా ఉంటుంది.

ఇంకో మోసం చౌక లాన్ కేబుల్ రూపంలో వస్తుంది. పైకి రాగి రంగే, లోపల అల్యూమినియం. బ్లేడుతో తీగను గీకి చూస్తే వెండిలా తెల్లగా కనిపిస్తుంది. తడి తగిలితే తెల్లటి పొడిగా మారి తెగిపోతుంది. దీన్ని భూమిలో పెట్టడం డబ్బు పాతిపెట్టడమే.

వైరు జెల్లీదే అయి జాయింట్ ఒక్కటే చెడితే పని తేలిక. చెడిన ముక్క రెండువైపులా ఎర్రటి రాగి కనిపించేదాకా కోసేయండి. సాగదీసి అతకొద్దు, అదే రకం వైరు ముక్క మధ్యలో వేయండి. తీగలకు జెల్లీ నింపిన చిన్న బటన్ కనెక్టర్లు దొరుకుతాయి, ఇన్సులేషన్ తీయకుండానే లోపలికి దోపి ప్లేయర్‌తో నొక్కితే చాలు. వీలైతే ఆ జాయింట్‌ను నేల మీదికి తెచ్చి, గోడకో సిమెంటు స్తంభానికో బిగించిన పెట్టెలో పెట్టండి. వైరు పెట్టె కింది నుంచి లోపలికి వెళ్లాలి. పై నుంచి వెళ్తే వాన నీళ్లు వైరు పట్టుకుని నేరుగా లోపలికి దిగుతాయి. ఈ చిన్న విషయం చాలాచోట్ల తప్పుతుంది.

బుయ్‌మని ఒకటే మోత

గరగర వేరు, మోత వేరు. మాట వినిపిస్తూనే వెనక ఆగకుండా బుయ్‌మంటుంటే అది 50 హెర్ట్జ్ కరెంటు లైన్ నుంచి వచ్చేది. ఒక కోళ్ల షెడ్డులో రోజూ పొద్దుగూకగానే మోత మొదలయ్యేది, పొద్దున్నే ఆగిపోయేది. తవ్వి చూస్తే ఫోన్ వైరూ, షెడ్డు లైట్ల కేబులూ ఒకే పైపులో ఉన్నాయి. పైపు ఖర్చు కలిసొస్తుందని ఒకేసారి లాగించారు.

పరీక్ష సులువే. ఒకరు ఫోన్ చెవిన పెట్టుకుని ఉంటే ఇంకొకరు షెడ్డు మెయిన్ ఆపాలి. మోత ఆగిపోతే కారణం తెలిసినట్టే. కరెంటు కేబుల్‌కూ ఫోన్ వైరుకూ కనీసం ఒక అడుగు ఎడం ఉండాలి. దాటక తప్పనిచోట నిలువుగా అడ్డంగా, కూడలిలా దాటించాలి, పక్కపక్కనే పోనివ్వకూడదు. రెండింటినీ ఒకే పైపులో పెట్టడం మోత కోసమే కాదు, ప్రాణం కోసం కూడా తప్పు. కరెంటు కేబుల్ ఇన్సులేషన్ పోతే 230 వోల్టులు చేతిలోని రిసీవర్ దాకా వస్తాయి. మోతతోపాటు ఎప్పుడైనా ఫోన్ ముట్టుకుంటే జిల్లుమందంటే వెంటనే షెడ్డు మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, మిగతాది తర్వాత.

ఎడం ఉన్నా మోత వస్తుంటే రెండు అనుమానాలు. ఒకటి, రెండు తీగల్లో ఒకటి మాత్రమే తడికి ఎర్త్ అవుతోంది. రెండు తీగలూ సమానంగా ఉన్నంతవరకే బయటి మోత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. రెండు, జతలు కలగాపులగం అయ్యాయి. వైరులో తీగలు జతజతలుగా మెలిపెట్టి ఉంటాయి, తెలుపుతో నీలం ఒక జత, తెలుపుతో నారింజ ఇంకో జత. రంగు చూడకుండా నీలం ఒకటీ నారింజ ఒకటీ తీసుకుని కలిపితే ఫోన్ పనిచేస్తుంది గానీ మోత వస్తుంది. రెండు చివర్లూ విప్పి ఒకే జతకు మార్చండి, పైసా ఖర్చు లేదు.

మోటారు వేసినప్పుడు మాత్రమే టక్కుమని చప్పుడొస్తే అది స్టార్టర్ పని. వైరును దానికి దూరంగా జరిపితే తగ్గుతుంది.

రింగ్ వస్తుంది, ఎత్తగానే కట్

మీటరును నమ్ముకుని మోసపోయేది ఇక్కడే. ఫోన్ పెట్టేసి ఉండగా కొలిస్తే 48 నిక్షేపంగా చూపిస్తుంది. "వోల్టేజి ఉంది, వైరు బాగుంది" అనుకుంటాం. మీటరు లైన్ నుంచి కరెంటు దాదాపు తీసుకోదు కాబట్టి సగం తినేసిన జాయింట్ వెనక నుంచి కూడా నిండు వోల్టేజే కనిపిస్తుంది. ఫోన్ ఎత్తితే 20 మిల్లీ ఆంపియర్లు, ఆ పైన కావాలి. అది చిలుము పట్టిన తీగలోంచి రాదు.

అందుకే ఫోన్ ఎత్తి ఉంచి కొలవాలి. మామూలుగా 6 నుంచి 12 వోల్టుల మధ్య నిలబడుతుంది. ఇంటి చివర అదే సమయంలో ఎంతుందో చూడండి. ఇంటి దగ్గర 20, షెడ్డులో 3 అయితే మిగిలినదంతా దారిలో ఏదో జాయింట్ మింగేస్తోంది. మంచి వైరు 150 మీటర్లకు ఒక వోల్టు కూడా మింగదు.

ఒక్క రింగ్ వచ్చి ఆగిపోతోందా? అది తడి లీకేజీ. రింగ్ వోల్టేజికి ఆ లీకేజీ పెరిగి, ఫోన్ ఎత్తారేమో అనుకుని అవతలి యంత్రం రింగ్ ఆపేస్తుంది. పైన వాన గురించి చెప్పిందే దీనికీ మందు. రింగ్ నీరసంగా వస్తుంటే ఒకే లైన్‌కు ఎన్ని ఫోన్లు తగిలించారో లెక్కపెట్టండి. ఒక్కోటి తీసేసి చూస్తే తెలుస్తుంది.

షెడ్డు ఫోన్ పెట్టాక ఇంట్లో నెట్ ఆగుతోంది

రాగి లైన్ మీద ఇంటర్నెట్ ఉన్నవాళ్లకే ఇది. షెడ్డు వైరు మోడెం సిగ్నల్‌కు పక్కదారి అవుతుంది, అందులోకి పోయిన సిగ్నల్ చివర తగిలి వెనక్కొచ్చి అసలుదాన్ని చెడగొడుతుంది. ఇంట్లో లైన్ వచ్చేచోటే స్ప్లిట్టర్ (ఫోన్‌నూ నెట్ సిగ్నల్‌నూ విడదీసే చిన్న పెట్టె) పెట్టి, మోడెం తీగ ఒకవైపు, ఇంటి ఫోన్‌తోపాటు షెడ్డు వైరంతా ఫోన్ అని రాసి ఉన్న వైపు తగిలించండి. సరిపోతుంది.

కరెంటు పోతే షెడ్డు ఫోన్ కూడా పోతోంది

ఇది వైరు జబ్బు కాదు. పాత ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది. ఫైబర్‌కు మారాక డయల్ టోన్ ఇచ్చేది మీ ఇంట్లోని ఫైబర్ పెట్టే. దానికి కరెంటు లేకపోతే ఫోన్ లేదు. ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి. ఫైబర్‌కు మారినప్పుడు ఇంకోటి కూడా చూసుకోవాలి: షెడ్డు వైరు ఫైబర్ పెట్టె ఫోన్ పోర్టుకు మాత్రమే తగలాలి, పాత రాగి లైన్ ముక్కకు ఇంకా అంటుకుని ఉండకూడదు.

పిడుగు పడ్డాక

దగ్గర్లో పిడుగు పడితే ఇంటి చివర ఒకటి, షెడ్డు చివర ఒకటి పరికరాలు పోవడం చూస్తుంటాం. వైరు మాత్రం బాగానే ఉంటుంది. ఫోన్ వైరు రెండు చివర్లా గ్యాస్ ట్యూబ్ ఉన్న అరెస్టర్ (పిడుగు వోల్టేజిని ఎర్త్‌లోకి మళ్లించేది) పెట్టి, దగ్గర్లోని మంచి ఎర్త్‌కు పొట్టి తీగతో కలపాలి. ముందే పెట్టి ఉంటే, పిడుగు తర్వాత ఆ ట్యూబులే షార్ట్ అయి లైన్ చచ్చిపోయి ఉండవచ్చు. పీకేసి చూడండి, లైన్ లేచి కూర్చుంటే కొత్తవి వేయండి. వైరుకు లోహపు రేకు తొడుగు ఉంటే దాన్ని ఇంటి చివర మాత్రమే ఎర్త్ చేయాలి. రెండు చివర్లా చేస్తే రెండు ఎర్త్‌ల మధ్య తేడా కరెంటు దాని గుండా పారుతూ మోత తెస్తుంది.

మళ్లీ వేయాల్సి వస్తే

ట్రాక్టర్ నాగలి తిరిగే నేలైతే రెండడుగులు తక్కువ కాకుండా గాడి తీయండి, పెరట్లో అయితే అడుగున్నర చాలు. వైరును నేరుగా మట్టిలో కాకుండా ఒక అంగుళం నల్ల పాలిథీన్ పైపులో వేస్తే తర్వాత లాగి మార్చుకోవచ్చు. వైరుతోపాటు ఒక నైలాన్ తాడు కూడా పైపులో వదిలేయండి. పైపులోకి ఎప్పటికైనా నీళ్లు చేరతాయి, అందుకని పైపు ఉందికదా అని లోపల మామూలు వైరు వేయొద్దు. నల్లరేగడి నేలల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఎండాకాలం నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి, వైరును లాగుతుంది. అక్కడ రెండు చివర్లా ఒక చుట్ట వైరు వదులుగా ఉంచండి, మధ్యలో జాయింట్ అసలు పెట్టకండి. పైపు మీద ఇసుక, ఇసుక మీద వరుసగా ఇటుక ముక్కలు పేర్చితే రేపు గునపం వేసేవాడికి ముందు ఇటుక తగులుతుంది. గాడి తెరిచి ఉండగానే గోడ మూల నుంచి టేపు పట్టి కొలతలు రాసుకుని, ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి.

మట్టి పూడ్చేముందు ఒకసారి, పూడ్చాక ఇంకోసారి మెగ్గర్ పెట్టి చూసి రెండు అంకెలూ రోసెట్టు బాక్స్ మూత లోపల రాయండి. పూడ్చాక అంకె పడిపోతే ఎక్కడో పార అంచు తగిలిందన్నమాట. మట్టి ఇంకా వదులుగా ఉండగానే, కూలీలు వెళ్లిపోకముందే తీయించి చూడండి.